ఇచ్చుడు అల్కనే, వాపస్ తీసుకునుడే అసలు పని: కమాండ్ లైన్ నుంచి డ్రైవ్ ఫైళ్ల అనుమతులు

(హనుమకొండలో కాలేజీల కంప్యూటర్ సిబ్బంది కోసం ఇచ్చిన ప్రసంగ పాఠం. తెర మీద కొట్టి చూపిన కమాండ్లను చదివి వినిపించిన తీరుగానే తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం. కొట్టేటప్పుడు మాత్రం కమాండ్ మాటలను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టాలి. ఫైల్ ఐడీలు, ఏపీఐ పేర్లు, టైమ్ లాంటివి మాత్రం ఉన్నవి ఉన్నట్టే కొట్టాలి.)

అందరికీ నమస్కారం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ నుంచి కూడా వచ్చిన్రు. పొద్దుగాలే బయలుదేరి ఉంటరు, అందుకే నేరుగ విషయంలోకే పోదాం.

మీ అందరి కాడ ఉన్న పని దాదాపు ఒక్కతీరుగనే ఉంటది. ఇంటర్నల్ మార్కుల షీట్లు, ఇన్విజిలేషన్ డ్యూటీ చార్టులు, స్కాలర్‌షిప్ జాబితాలు, క్వశ్చన్ బ్యాంకులు, అన్నీ గూగుల్ డ్రైవ్‌లో ఉన్నయి. సెమిస్టర్ మారంగనే గెస్ట్ లెక్చరర్లు మారుతరు. ఒక్క ఫైల్ ఒక్కరికి ఇయ్యాలంటే స్క్రీన్ మీద షేర్ బటనే మంచిది, దానికి కమాండ్ అక్కర్లేదు. 40 ఫైళ్లు 12 మందికి ఇయ్యాలంటే 480 అనుమతులు. ఎంత ఓపిక ఉన్నోళ్లకైనా మౌస్‌తోని 480 సార్లు చేస్తే ఎక్కడో ఒకకాడ తప్పు మెయిల్ పడుతది.

కమాండ్ అంటే వేగం కోసమే అనుకుంటరు చాలామంది. అంతకంటే పెద్ద లాభం ఇంకొకటుంది. ఎవరికి, ఏ ఫైల్ మీద హక్కు ఇచ్చినమో ఒక సీఎస్‌వీ ఫైల్‌లో, అంటే కామాలతోని విడగొట్టిన పట్టికలో, రాసి ఉంటది. ఇచ్చేటప్పుడు ఏ జాబితా వాడినమో, వాపస్ తీసుకునేటప్పుడు అదే జాబితా వాడుతం. మౌస్‌తోని ఇచ్చినవాటికి అసొంటి జాబితా మన చేతిలో ఉండదు. సంవత్సరం కింద వెళ్లిపోయిన మనిషికి మార్కుల షీట్ ఇంకా తెరుచుకుంటున్నదంటే కారణం ఎక్కువసార్లు ఇదే.

ఇప్పుడు ఒక అనుమతిలో ఏమేం ఉంటయో చూద్దాం. మొదట ఫైల్ ఐడీ. బ్రౌజర్ అడ్రస్‌లో స్లాష్ డీ స్లాష్ తర్వాత, స్లాష్ ఎడిట్‌కు ముందు ఉండే పొడుగు అక్షరాల వరుసే అది. ఫోల్డర్‌కైతే స్లాష్ ఫోల్డర్స్ స్లాష్ తర్వాత ఉంటది. ఫైల్ పేరు మీద ఎన్నడూ ఆధారపడకండి. డ్రైవ్‌లో ఒక్క ఫోల్డర్‌లోనే ఒకే పేరుతోని రెండు ఫైళ్లు ఉండొచ్చు, "ఇంటర్నల్ మార్కులు ఫైనల్" అని మూడు కూడా ఉండొచ్చు. ఐడీ మాత్రం ఒక్కదానికి ఒక్కటే.

రెండోది టైప్, అంటే ఎసొంటి వాళ్లకు ఇస్తున్నం అనేది. నాలుగున్నయి: యూజర్ (ఒక్క మనిషి), గ్రూప్ (గూగుల్ గ్రూప్), డొమైన్ (కాలేజీ ఖాతాలున్న అందరు), ఎనీవన్ (ఎవరైనా). మూడోది రోల్. మన పనికి వచ్చేవి మూడు: రీడర్, కామెంటర్, రైటర్. స్క్రీన్ మీద వ్యూయర్, ఎడిటర్ అని కనిపించేవే కమాండ్‌లో రీడర్, రైటర్ అయితయి. కమాండ్‌లో ఎడిటర్ అని కొట్టే అలవాటు చేసుకోకండి, ఏపీఐకి, అంటే ప్రోగ్రామ్‌లు డ్రైవ్‌తోని మాట్లాడే దారికి, తెలిసిన మాట రైటర్.

రోల్ దగ్గర జర ఆగుదాం. రైటర్ ఇస్తే ఫైల్ మార్చే హక్కు ఒక్కటే పోదు. మామూలుగ ఉన్న సెట్టింగ్‌లో రైటర్ ఇంకొకరికి షేర్ కూడా చేయగలడు. ఫైల్‌కు రైటర్స్ క్యాన్ షేర్ అనే గుణం ఉంటది, అది మొదటినుంచి ఆన్‌లోనే ఉంటది. మార్కుల షీట్లకు దాన్ని ఫాల్స్ చేయండి. రీడర్ విషయంలో కూడా అట్లనే. రీడర్ అంటే చూసుడు మాత్రమే అనుకోవద్దు, డౌన్‌లోడ్, ప్రింట్, కాపీ కూడా చేసుకోవచ్చు. అది వద్దంటే కాపీ రిక్వైర్స్ రైటర్ పర్మిషన్ అనే గుణాన్ని ట్రూ చేయాలె. క్వశ్చన్ బ్యాంక్ ఎవరికన్న రీడర్‌గ ఇచ్చే ముందు ఈ గుణం ఏ స్థితిలో ఉన్నదో చూసుకోండి. ఒకసారి వాళ్లు కాపీ చేసుకున్నంక ఆ కాపీ వాళ్ల సొంత ఫైల్. మనం ఇటు అనుమతి తీసేసినా అటు కాపీ పోదు.

ఇగ పనిముట్టు. మీ కాలేజీకి గూగుల్ వర్క్‌స్పేస్ ఫర్ ఎడ్యుకేషన్ (కాలేజీ పేరు మీద గూగుల్ ఇచ్చే ఖాతాల సేవ) ఉంటే గ్యామ్ అనే పనిముట్టు వాడుదాం. ఉచితం, ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింట్లో నడుస్తది. దాన్ని పెట్టాలంటే వర్క్‌స్పేస్ అడ్మిన్ హక్కు కావాలె.

మొదటి కమాండ్ ఇచ్చేది కాదు, చూసేది:

గ్యామ్ యూజర్ [ఓనర్ మెయిల్] షో డ్రైవ్‌ఫైల్‌ఏసీఎల్స్ [ఫైల్ ఐడీ]

డ్రైవ్‌ఫైల్‌ఏసీఎల్స్ మధ్యలో ఖాళీ లేదు, అంతా ఒకే పదం. ఏసీఎల్ అంటే ఎవరికి ఏ అనుమతి ఉన్నదో రాసే జాబితా. ఇప్పటికే ఎవరెవరికి ఏ రోల్ ఉన్నదో ఇది చూపిస్తది. ఇది చూడకుండ కొత్త అనుమతి ఇయ్యకండి. ఎందుకంటే ఎనీవన్ అనే వరుస అక్కడ ఉంటే, మీరు జాగ్రత్తగ 12 మందికి ఇచ్చి ఏం లాభం? లింక్ చేతిలో ఉన్న ఎవరికైనా ఆ ఫైల్ అప్పటికే తెరిచి ఉన్నది.

ఇదే పనిని ఏపీఐతోని నేరుగ చేసేవాళ్లకు ఒక మాట. పర్మిషన్స్ లిస్ట్ అడిగితే మామూలుగ వచ్చే జవాబులో ఐడీ, టైప్, రోల్ ఉంటయి, మెయిల్ అడ్రస్ రాదు. ఫీల్డ్స్ అనే పరామితిలో ఈమెయిల్ అడ్రస్, ఎక్స్‌పిరేషన్ టైమ్ అని పేర్లు పెట్టి అడగాలె. అది తెలియక, ఈ ఐడీలు ఎవరివో అని తల పట్టుకుంటరు.

ఇప్పుడు ఇచ్చే కమాండ్:

గ్యామ్ యూజర్ [ఓనర్ మెయిల్] యాడ్ డ్రైవ్‌ఫైల్‌ఏసీఎల్ [ఫైల్ ఐడీ] యూజర్ [తీసుకునేవారి మెయిల్] రోల్ రీడర్

ఇక్కడ యూజర్ అనే మాట రెండుసార్లు వచ్చింది. మొదటిది ఎవరి తరఫున పని చేస్తున్నమో చెప్తది, రెండోది ఎవరికి ఇస్తున్నమో. ఈ రెండు తారుమారైతే, ఆ ఫైల్‌ను చూసే హక్కే లేని మనిషి పేరు మీద పని మొదలైతది, ఫైల్ దొరకలేదు అని ఎర్రర్ వస్తది.

గ్యామ్‌లో సెండ్ఈమెయిల్ అని రాస్తేనే తీసుకునేవాళ్లకు సమాచారం మెయిల్ పోతది. డ్రైవ్ ఏపీఐని నేరుగ పిలిస్తే తీరు తిరగబడుతది, యూజర్‌కు గానీ గ్రూప్‌కు గానీ ఇచ్చినప్పుడు వద్దనకపోతే మెయిల్ పోతనే ఉంటది. 480 అనుమతులు ఇస్తే ఒక్కొక్కరి ఇన్‌బాక్స్‌లో 40 మెయిళ్లు. దానికంటే పెద్ద ఇబ్బంది ఏందంటే, షేరింగ్ రేట్ లిమిట్ ఎక్సీడెడ్ అనే 403 ఎర్రర్ ఎక్కువగ ఈ మెయిళ్ల లెక్క వల్లనే వస్తది. అందుకే మొత్తంగ పంచేటప్పుడు మెయిల్ ఆపేసి, పని అయినంక అందరికీ లింకులతోని ఒకే మెయిల్ మీరే పంపండి. ఒక్క మినహాయింపు: తీసుకునేవాళ్ల మెయిల్‌కు గూగుల్ ఖాతా లేకపోతే, సమాచారం మెయిల్ ఆపి ఇయ్యడానికి గూగుల్ ఒప్పుకోదు. అసొంటి వాళ్లను జాబితాలో వేరే పెట్టుకొని వాళ్లకు మెయిల్‌తోనే ఇయ్యాలె.

480 అనుమతులు అన్నం గదా, నిజానికి అన్ని ఇయ్యద్దు. ఆ 12 మందిని ఒక గూగుల్ గ్రూప్‌లో పెట్టండి. 40 ఫైళ్లు ఆ గ్రూప్‌కు ఇస్తే 40 అనుమతులతోని పని అయిపోతది. గెస్ట్ లెక్చరర్ వెళ్లిపోతే గ్రూప్ నుంచి ఒక్క పేరు తీస్తే 40 ఫైళ్లు ఒక్కసారే బంద్. యూజర్ అన్నచోట గ్రూప్ అని రాసి గ్రూప్ మెయిల్ ఇస్తే చాలు. గ్రూప్‌లో చేరే హక్కు మాత్రం ఓనర్ల చేతిలోనే పెట్టండి. ఎవరంటే వాళ్లు చేరే గ్రూప్‌కు మార్కుల షీట్ ఇస్తే, చేరినోళ్లందరికి అది అందుతది.

ఫోల్డర్‌కు ఇస్తే ఇంకా తక్కువ పని గదా అని మీరు అడుగుతరు. తక్కువే. ఫోల్డర్ మీద ఇచ్చిన హక్కు లోపలున్న అన్నిటికి దిగుతది, రేపు అందులో పెట్టబోయే ఫైళ్లకు కూడా. అక్కడే దెబ్బ తగులుతది. ఎవరో స్కాలర్‌షిప్ జాబితాను, అందులో బ్యాంక్ ఖాతా నంబర్లు ఉన్నదాన్ని, తెలియక ఆ ఫోల్డర్‌లోకి జరుపుతరు. ఆ నిమిషం నుంచి అది ఫోల్డర్ చూసే అందరికి కనిపిస్తది. ఎవ్వరూ ఏ షేర్ బటనూ నొక్కలేదు, అయినా పంచినట్టే అయింది. కాబట్టి పంచే ఫోల్డర్లను వేరే ఉంచండి, పేరులోనే అది పంచే ఫోల్డర్ అని తెలిసేటట్టు పెట్టండి. పైనుంచి దిగిన హక్కును తీయాలంటే, అది ఏ ఫోల్డర్ మీద ఇచ్చిన్రో అక్కడికి పోయి తీయాలె.

ఇప్పుడు సీఎస్‌వీ. మూడు నిలువు వరుసలు: ఓనర్, ఫైల్‌ఐడీ, మెయిల్. కమాండ్ ఇట్ల ఉంటది:

గ్యామ్ సీఎస్‌వీ [జాబితా ఫైల్] గ్యామ్ యూజర్ టిల్డే ఓనర్ యాడ్ డ్రైవ్‌ఫైల్‌ఏసీఎల్ టిల్డే ఫైల్‌ఐడీ యూజర్ టిల్డే మెయిల్ రోల్ రీడర్

టిల్డే అంటే కీబోర్డ్‌లో ఒకటి అంకెకు ఎడమపక్క ఉండే అలగీత. దాని తర్వాత వరుస పేరు ఖాళీ లేకుండ రావాలె, సీఎస్‌వీ మొదటి లైన్‌లో ఎట్ల రాసిన్రో అట్లనే. గ్యామ్ అనే మాట రెండోసారి కూడా కావాలె, అది మర్చిపోతే నడవదు.

ఇక్కడ నాలుగైదు తీర్ల ఎదురుదెబ్బలున్నయి. ఎక్సెల్‌లో సీఎస్‌వీ యూటీఎఫ్-8 అని సేవ్ చేస్తే, ఫైల్ మొదట్లో కంటికి కనిపించని ఒక గుర్తు చేరుతది. దాంతోని మొదటి వరుస పేరు "ఓనర్" అని మనకు కనిపిస్తది గానీ ప్రోగ్రామ్‌కు వేరే పేరు. ఆ పేరు వరుస లేదు అంటది. కమాండ్‌లో సీఎస్‌వీ ఫైల్ పేరు తర్వాత చార్‌సెట్ యూటీఎఫ్-8-సిగ్ అని చెప్పండి, లేకపోతే జాబితాను గూగుల్ షీట్స్ నుంచి సీఎస్‌వీగ దింపుకోండి. ఇంకోటి, మెయిల్ చివర ఖాళీ. వాట్సాప్ నుంచి కాపీ చేసి అతికిస్తే చాలాసార్లు వస్తది. షీట్‌లో ట్రిమ్ ఫార్ములా వేసి తీసేయండి. మెయిల్‌లో అక్షరం తప్పు పడితే ఎర్రర్ వస్తదని ధీమాగ ఉండకండి, ఆ తప్పు అడ్రస్ నిజంగ ఎవరిదో ఒకరిది కావచ్చు, అప్పుడు కమాండ్ సాఫీగ నడిచి మార్కుల షీట్ తెలియని మనిషి చేతికి పోతది. కాలేజీ డొమైన్ బయటి మెయిళ్లను వేరే జాబితా చేసి, ఇంకొకరితోని చదివించి, అప్పుడు నడపండి.

అన్నిటికంటే కనిపెట్టుడు కష్టమైంది ఇది. గ్యామ్ సీఎస్‌వీ కమాండ్ వరుసలను ఒకదాని వెంట ఒకటి నడపదు, కొన్నింటిని ఒకేసారి నడుపుతది. వేరువేరు ఫైళ్లకైతే మంచిదే. కానీ ఒక్క ఫైల్ మీద ఒకేసారి రెండు అనుమతి పనులను గూగుల్ డ్రైవ్ భరించదు, చివరగ వచ్చిందే నిలుస్తది. ఒకే షీట్‌ను 12 మందికి ఇచ్చే జాబితా ఇట్ల నడిస్తే, తర్వాత లెక్క చూసినప్పుడు 12కు తక్కువ ఉండొచ్చు. దీనికి మందు, ముందట థ్రెడ్ల, అంటే ఒకేసారి నడిచే పనుల, సంఖ్యను ఒకటికి దించుడు:

గ్యామ్ కాన్ఫిగ్ నమ్ అండర్‌స్కోర్ థ్రెడ్స్ 1 సీఎస్‌వీ [జాబితా ఫైల్] గ్యామ్ ... మిగతాది పైన చెప్పినట్టే.

జర నిదానంగ నడుస్తది, నడవనియ్యండి. మొత్తం జాబితా నడిపే ముందు మొదటి రెండు వరుసలతోని చిన్న సీఎస్‌వీ చేసి నడిపి, షో కమాండ్‌తోని చూసి, అప్పుడు పెద్దది నడపండి. నడిచినంక మళ్ల షో చేసి, జాబితాలో ఎందరున్నరో అక్కడ అందరున్నరా లెక్కపెట్టండి. సొంతంగ స్క్రిప్ట్ రాసుకునేవాళ్లు, రేట్ లిమిట్ ఎర్రర్ వచ్చినప్పుడు వెంటనే మళ్ల కొట్టకుండ 1 సెకను, 2, 4, 8, ఇట్ల రెట్టింపు చేసుకుంట ఆగాలె.

404 ఎర్రర్ గురించి చెప్పాలె. "ఫైల్ నాట్ ఫౌండ్" అని రాంగనే ఫైల్ పోయిందని భయపడతరు. ఎక్కువసార్లు ఫైల్ ఉన్నకాడనే ఉంటది. హక్కు లేనివాళ్లకు ఫైల్ ఉన్నదని కూడా డ్రైవ్ చెప్పదు, అందుకే లేదంటది. ముందు ఎవరి పేరు మీద నడుపుతున్నరో చూడండి. అది సరిగ్గనే ఉంటే, ఫైల్ షేర్డ్ డ్రైవ్‌లో, అంటే ఒక్క మనిషికి కాక సంస్థకే చెందిన డ్రైవ్‌లో, ఉన్నదా చూడండి. ఏపీఐని నేరుగ పిలిచేవాళ్లు సపోర్ట్స్ ఆల్ డ్రైవ్స్ ఈక్వల్స్ ట్రూ అని పెట్టకపోతే షేర్డ్ డ్రైవ్ ఫైళ్లు దొరకవు. మూడోది స్కోప్, అంటే ప్రోగ్రామ్‌కు మనం ఒప్పుకున్న హక్కుల పరిధి. ప్రోగ్రామ్‌కు ఒప్పుకున్న స్కోప్ డ్రైవ్ డాట్ ఫైల్ అయితే, ఆ ప్రోగ్రామ్ తయారుచేసినవీ, దానితోని మీరు తెరిచినవీ తప్ప మిగతా ఫైళ్లు దానికి కనిపించవు. ఓనర్ మీరే అయినా 404 వస్తది. అసొంటప్పుడు స్కోప్ మార్చి మళ్ల లాగిన్ కావాలె, పాత టోకెన్ ఫైల్ (లాగిన్‌ను దాచిపెట్టే ఫైల్) ఉంటే పాత స్కోపే నడుస్తది.

404 బదులు 403 వచ్చి, అందులో ఇన్‌సఫిషియెంట్ ఫైల్ పర్మిషన్స్ అని ఉంటే, ఫైల్ దొరికింది గానీ పంచే హక్కు లేదని అర్థం. డొమైన్ బయటికి పంచుడు అడ్మిన్ కన్సోల్‌లో మూసి ఉంటే, ఏ కమాండ్ కొట్టినా బయటి మెయిల్‌కు పోదు. అది ఎర్రర్ కాదు, కాపలా. దాన్ని తెరిపించుకునే ముందు నిజంగ అవసరమా అని ప్రిన్సిపాల్‌తోని మాట్లాడండి.

గడువు. నాకు అన్నిటికంటే ఇష్టమైన సౌకర్యం ఇది, వాడేవాళ్లు మాత్రం తక్కువ. కమాండ్ చివర ఎక్స్‌పైర్స్ అని రాసి తేదీ, టైమ్ ఇస్తే ఆ టైమ్‌కు హక్కు దానంతట అదే పోతది. యూజర్‌కు, గ్రూప్‌కు మాత్రమే పెట్టగలం. ఎనీవన్ లింక్‌కు గడువు పెట్టలేం. ఇయ్యాల్టి నుంచి ఒక సంవత్సరం దాటి పెట్టలేం. టైమ్ రాసే తీరు: సంవత్సరం, నెల, తేదీ, మధ్యలో అడ్డగీతలు, తర్వాత పెద్ద టీ, గంటలు, నిమిషాలు, సెకన్లు, చివర ప్లస్ 05:30. ఆ చివరిది మర్చిపోయి జెడ్ అని పెడితే అది గ్రీన్‌విచ్ టైమ్. రాత్రి 23:59కి మూసినం అనుకుంటరు, మనకాడ తెల్లారి 5:29 దాక తెరిచే ఉంటది. పరీక్ష రోజు పొద్దుగాల ఆ అయిదున్నర గంటలు మామూలు సంగతి కాదు.

వాపస్ తీసుకునే కమాండ్ యాడ్ బదులు డిలీట్:

గ్యామ్ యూజర్ [ఓనర్ మెయిల్] డిలీట్ డ్రైవ్‌ఫైల్‌ఏసీఎల్ [ఫైల్ ఐడీ] [తీసేయాల్సిన మెయిల్]

ఏపీఐలోనైతే మెయిల్ చెల్లదు, పర్మిషన్ ఐడీ కావాలె. అది మనిషికి కట్టిన ఐడీ, ఆ మనిషికి ఏ ఫైల్ మీదైనా అదే ఉంటది. ఒకసారి తెలుసుకుంటే అన్ని ఫైళ్లలో తీసేయొచ్చు. లింక్ హక్కును తీయడానికి ఎనీవన్‌విత్‌లింక్ అనేదే ఐడీ.

నెలకొకసారి ఈ వెతుకుడు నడపండి: డ్రైవ్ ఏపీఐ వెతుకుడులో (బ్రౌజర్ వెతుకుడు పెట్టెలో కాదు) విజిబిలిటీ ఈక్వల్స్, కోట్‌లో ఎనీవన్‌విత్‌లింక్. లింక్‌తోని తెరిచి ఉన్న ఫైళ్లన్నీ బయటపడుతయి. ఎనీవన్‌క్యాన్‌ఫైండ్ అని కూడా వేరే వెతకండి, అవి ఇంకా ప్రమాదం, లింక్ లేకున్నా వెతికితే దొరికేటివి.

గ్యామ్ పెట్టుకున్న ఫోల్డర్‌లో ఓఆథ్2సర్వీస్ డాట్ జేసన్ అనే ఫైల్ ఉంటది. అది చేతికి చిక్కిన మనిషి మీ డొమైన్‌లో ఏ ఖాతా తరఫునైనా డ్రైవ్ తెరవగలడు, ప్రిన్సిపాల్ ఖాతా అయినా సరే. ల్యాబ్ కంప్యూటర్‌లో గ్యామ్ పెట్టకండి. పెన్‌డ్రైవ్‌లో, గిట్‌లో (ప్రోగ్రామ్ కోడ్ దాచే చోటు) ఆ ఫైల్ వద్దు. లినక్స్‌లోనైతే హక్కులు 600 చేయండి, అంటే సొంతదారు ఒక్కరే చదివి, రాసేటట్టు. ఎవరికన్న చిక్కిందని అనుమానం వచ్చినా ఆ కీని రద్దు చేసి కొత్తది చేసుకోండి.

వేరే నిల్వల గురించి చిన్నగ చెప్తా. వన్‌డ్రైవ్, షేర్‌పాయింట్‌లో మైక్రోసాఫ్ట్ గ్రాఫ్ అనే ఏపీఐ ఉన్నది. ఇన్వైట్ అంటే పేరున్న మనుషులకు ఇచ్చుడు, క్రియేట్ లింక్ అంటే లింక్ చేసుడు. లింక్ చేసేటప్పుడు స్కోప్ అనానిమస్ అయితే లాగిన్ లేకుండ తెరుచుకుంటది, ఆర్గనైజేషన్ అయితే మన సంస్థ వాళ్లకే. అమెజాన్ ఎస్3లో పెట్టిన కాయితానికి ప్రీసైన్ కమాండ్‌తోని గడువు లింక్ ఇస్తరు. ఏం చెప్పకపోతే 3600 సెకన్లు, ఎక్కువలో ఎక్కువ 604800 సెకన్లు, అంటే 7 రోజులు. తాత్కాలిక కీతోని సంతకం చేస్తే, 7 రోజులు అని రాసినా ఆ కీ చచ్చిపోంగనే లింక్ చచ్చిపోతది.

ప్రశ్నలు అడగండి.

ప్రశ్న: రిటైర్ అయిన సార్ పేరు మీద ఉన్న ఫైళ్లను ఏం చేయాలండి?

ఖాతా తీసేయక ముందే చేయాలె. గ్యామ్ యూజర్ [పాత మెయిల్] ట్రాన్స్‌ఫర్ డ్రైవ్ [కొత్త మెయిల్] అంటే ఓనర్ మారుతది. ఖాతా తీసేసిన్రంటే 20 రోజుల లోపలైతే అడ్మిన్ వాపస్ తేగలడు, తర్వాత కష్టం. ముందటికి మాత్రం డిపార్ట్‌మెంట్ ఫైళ్లను షేర్డ్ డ్రైవ్‌లోనే పెట్టండి, అక్కడ ఫైళ్లకు మనిషి ఓనర్ ఉండడు, డ్రైవే ఓనర్.

ప్రశ్న: మా కాలేజీకి వర్క్‌స్పేస్ లేదు, మామూలు జీమెయిల్‌లోనే నడుస్తున్నది. అప్పుడు?

గ్యామ్ పనికిరాదు. జీడ్రైవ్ అనే చిన్న పనిముట్టు ఉన్నది, జీడ్రైవ్ పర్మిషన్స్ షేర్ అని కొడతరు. అది వాడేటప్పుడు ఒక్కటి గుర్తుపెట్టుకోండి: టైప్, రోల్ రాయకుండ ఒట్టి ఫైల్ ఐడీ ఇచ్చి కొడితే, అది ఎనీవన్, రీడర్ అనే తీసుకుంటది. ఫైల్ లింక్‌తోని అందరికి తెరుచుకుంటది. అందుకే ప్రతిసారి టైప్ యూజర్, రోల్ రీడర్, ఈమెయిల్ మూడూ రాయండి. ఆర్‌క్లోన్ అనే ఇంకో పనిముట్టులో లింక్ కమాండ్ కూడా అట్లనే, పేరున్న మనిషికి ఇచ్చేది కాదు, లింక్ చేసి పెట్టేది. ఇంకోటి, మీ సొంత ఓఆథ్ క్లయింట్ (గూగుల్ లాగిన్ కోసం ప్రోగ్రామ్‌కు ఉండే గుర్తింపు) చేసుకొని దాన్ని టెస్టింగ్ స్థితిలోనే ఉంచితే లాగిన్ 7 రోజులకు పోతది. వారానికోసారి ఎందుకు ఆగిపోతున్నదని వెతుకుతుంటరు, కారణం అది. ఉచిత జీమెయిల్ ఖాతాలో గడువు పెట్టే సౌకర్యం లేదు కాబట్టి, మీ సీఎస్‌వీలో "ఎప్పుడు తీసేయాలె" అని నాలుగో వరుస పెట్టి తేదీ రాయండి. ప్రతి సోమవారం ఆ వరుసను తేదీ ప్రకారం పేర్చి, గడువు దాటినవాటికి పర్మిషన్స్ రివోక్ నడపండి.